పొగ లోపలికి రాకూడదు, కరెంటు బయటికి పోకూడదు

తుపాను హెచ్చరిక వచ్చిందంటే మా శ్రీకాకుళం జిల్లా తీరం ఊళ్లలో మైకు కట్టుకుని ఆటో తిరుగుతుంది. వేటకు వెళ్లొద్దు, పాత ఇళ్లలో ఉండొద్దు, తాగే నీళ్లు పట్టి ఉంచుకోండి, తెగిన తీగలు ముట్టుకోవద్దు అని చెబుతుంది. అన్నీ చెప్పాల్సినవే. జనరేటర్ మాట మాత్రం అందులో ఎప్పుడూ వినలేదు. ఒకప్పుడు అవసరం లేకపోయింది కూడా. పెట్రోలుతో స్టార్టు చేసి, వేడెక్కాక కిరోసిన్‌కు తిప్పే చిన్న జనరేటర్ ఊరికి ఒకటి ఉంటే గొప్ప. అది టెంట్ హౌస్‌లోనే ఉండేది, పెళ్లికో జాతరకో బయటికి వచ్చేది. ఇప్పుడు చికెన్ దుకాణానికి ఒకటి, సెల్‌ఫోన్ షాపుకు ఒకటి, కాస్త కలిగినవాళ్ల వరండాలో ఒకటి. తుపాను తర్వాత పది రోజులు చీకట్లో గడిపిన ఇల్లు జనరేటర్ కొనుక్కోవడంలో తప్పేమీ లేదు. కొన్నాక దాన్ని ఎక్కడ పెట్టాలో, ఇంటి వైరింగుకు ఎలా కలపాలో చెప్పే దిక్కు లేకపోవడమే తప్పు.

నేను లైన్‌మన్‌గా చేరి లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను కొట్టినప్పుడు, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరితోటల్ని పడుకోబెట్టినప్పుడు స్తంభాలు నిలబెట్టి తీగలు లాగిన వాళ్లలో నేనూ ఉన్నాను. ఆ అనుభవంతో చెప్పదలచుకున్నది ఒక్కటే. జనరేటర్ పొగ ఇంట్లోకి రాకూడదు, జనరేటర్ కరెంటు ఇల్లు దాటి బయటికి పోకూడదు. ఈ రెండూ చూసుకునే భారం కొనుక్కున్నవాడి ఒక్కడి నెత్తిన వేస్తే సరిపోదు. అమ్మినవాడు, అద్దెకిచ్చినవాడు, ఊళ్లో ఉన్న విద్యుత్ ఉద్యోగి కూడా మోయాలి.

ముందు కరెంటు సంగతి చెబుతాను, అది నా వృత్తి కాబట్టి.

తుపాను తర్వాత ఊరంతా చీకటిగా ఉంటే లైన్‌మన్‌కు భయం ఉండదు. ఆ చీకట్లో ఒక్క ఇంట్లో ట్యూబులైటు వెలుగుతుంటే అప్పుడు భయం. పైన సబ్‌స్టేషన్‌లో ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్ తీసుకున్నాం, లైనును విడదీసే ఏబీ స్విచ్ తెరిచాం, అటునుంచి సరఫరా రాదు. కానీ ఆ వెలుగుతున్న ఇంటి నుంచి వస్తే? మా వాళ్లు దాన్ని రిటర్న్ కరెంటు అంటారు. కరెంటుకు ఎటునుంచి రావాలనే నియమం లేదు. ట్రాన్స్‌ఫార్మర్ 11,000 వోల్టుల్ని దించి మన ఇంటికి 230 చేసి పంపుతుంది. అదే 230ని ఇంటివైపు నుంచి ఎక్కిస్తే, పైవైపున దాదాపు పదివేల వోల్టులై కూర్చుంటుంది. కింద ఇంట్లో ఫ్యాను తిరుగుతుంటుంది, పైన ఎవరో తీగ చేత్తో పట్టుకుని ఉంటాడు.

ఊరంతటి లోడు మీద పడితే అంత చిన్న జనరేటర్ ఆగిపోదా అని కొంచెం పని తెలిసినవాళ్లే అడుగుతారు. మామూలు రోజున ఆగిపోవచ్చు. తుపాను మర్నాడు లెక్క వేరు. రెండు స్తంభాల అవతల తీగ తెగి పడి ఉంటుంది, పక్క ఇళ్ల సర్వీసు వైర్లు ఊడి ఉంటాయి. లోడే లేని ఆ ముక్క లైనును బతికించడానికి చిన్న జనరేటర్ చాలు.

తిత్లీ పనుల్లో ఉద్దానంలోని ఒక ఊళ్లో ఇది కళ్లారా చూశాను. లైను చచ్చి ఉందనే అందరి నమ్మకం. అయినా పద్ధతి ప్రకారం ఎర్త్ రాడ్డు తగిలించబోతే కొక్కెం దగ్గర చిటుక్కుమని నీలంగా మెరిసింది. ఎక్కబోతున్న కుర్రాడు నిచ్చెన మీద నుంచి దిగిపోయి రెండు నిమిషాలు మాట్లాడలేదు. వెతుక్కుంటూ పోతే నాలుగిళ్ల అవతల పెరట్లో జనరేటర్ మోగుతోంది. దాని సాకెట్ నుంచి ఎరుపు, నలుపు మెలివైరు కిటికీలోంచి గదిలోకి వెళ్లింది. వైరుకు రెండు కొసలా త్రీపిన్ టాపులు బిగించారు. ఒక టాపు జనరేటర్‌లో, రెండోది గోడకున్న ప్లగ్గులో. మెయిన్ దించలేదు. ఆ ఇంటి పెద్దాయన ఏమీ దాచలేదు. "నీళ్లు నేవు బావూ, చిన్నపిల్లలున్నారు, మోటారు ఆడకపోతే ఏటి చేస్తాం" అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు. ఆయనకు జనరేటర్ అమ్మినవాడు ఆ వైరు కూడా తనే కట్టి ఇచ్చాడట, ఫ్రీగా.

ఆ రెండు టాపుల వైరు ఎందుకంత ప్రమాదమో ఇక్కడ వివరంగా చెప్పాలి. జనరేటర్ నడుస్తుండగా గోడలోని టాపు ఊడి వస్తే, బయటికి కనిపించే ఆ ఇత్తడి పిన్నుల్లో 230 వోల్టులు ఉంటాయి. పాకే బిడ్డ చేతికి అందేంత ఎత్తులో. మెయిన్ ఆన్‌లో ఉండి, ఊరికి సరఫరా ఒక్కసారిగా తిరిగి వస్తే, రెండు కరెంట్లు ఢీకొని జనరేటర్ వైండింగ్ కాలిపోతుంది. ట్యాంకులో పెట్రోలు ఉన్న యంత్రం అది. "మేం మెయిన్ ఆఫ్ చేశాకే పెడతాం" అనేవాళ్లు ఉన్నారు. అర్ధరాత్రి, వానలో, చంటిబిడ్డ ఏడుస్తుండగా, టార్చిలైటు నోట కరుచుకుని పని చేసే మనిషి జ్ఞాపకశక్తి మీద ఇంకో మనిషి ప్రాణం ఆధారపడకూడదు. ఒక్క ఫ్యూజు క్యారియర్ పీకేసి సరిపోయిందనుకునేవాళ్లకు ఇంకో మాట. ఫ్యూజు తీస్తే తెగేది ఫేజు ఒక్కటే, న్యూట్రల్ బయటి లైనుకు కలిసే ఉంటుంది.

దీనికి మందు ఎప్పుడో ఉంది. చేంజోవర్ స్విచ్. ఇంటికి రెండు పోళ్లది సరిపోతుంది, ఫేజునూ న్యూట్రల్‌నూ కలిపి తెంచుతుంది. హ్యాండిల్ పైకి తిప్పితే లైను, కిందికి తిప్పితే జనరేటర్, మధ్యలో రెండూ లేవు. రెండింటికీ ఒకేసారి తగలడం దాని నిర్మాణంలోనే కుదరదు. ఎంత మరిచిపోయినా, ఎంత తొందరలో ఉన్నా కుదరదు. జనరేటర్ ధరలో దీని ధర చిన్న వంతు. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేత మీటరు తర్వాత బిగించుకుంటే పని అయిపోయింది. అది కుదరనివాళ్లు ఇంటి వైరింగు జోలికే పోవద్దు. ఎర్తు ఉన్న మూడు కోర్ల వైరుతో ఎక్స్‌టెన్షన్ బాక్సు తీసుకుని, జనరేటర్‌కున్న సాకెట్‌లో పెట్టి, ఫ్రిజ్జో ఫ్యానో నేరుగా దానికే తగిలించుకోవాలి. లైటుకు వాడే సన్న వైరు ఫ్రిజ్జుకు వాడకూడదు. చుట్టగా ఉన్న వైరును చుట్టగానే వదిలేస్తే లోపల వేడెక్కి కరుగుతుంది, మొత్తం విప్పి పరవాలి.

ఇక పొగ. కరెంటును కనీసం టెస్టర్ పెట్టి పట్టుకోవచ్చు, దీన్ని అలా పట్టుకోలేం.

పెట్రోలు మండినప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. మనకు వాసన కొట్టేది పొగలోని మిగతా సరుకు. ఆ వాసన తగ్గింది కాబట్టి ప్రమాదం తగ్గిందనుకోవడానికి లేదు. ఈ వాయువు రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. పట్టుకున్నది ఒక పట్టాన వదలదు. మామూలు గాలి పీలుస్తూ ఉంటే ఒంట్లోది సగానికి తగ్గడానికే నాలుగైదు గంటలు పడుతుంది. ఆస్పత్రిలో మాస్కుతో పూర్తి ఆక్సిజన్ పెడితే గంటా గంటన్నరలో సగమవుతుంది. ముందు తలనొప్పి, తల తిరుగుడు, వికారం, వాంతి. ఇవన్నీ తుపాను తర్వాత ఎవరికైనా ఉంటాయి. నిద్ర లేక, తిండి లేక, తడిసి వచ్చిన నొప్పులే అనుకుని మాత్ర వేసుకుని పడుకుంటారు. పడుకున్నవాళ్లు లేవరు. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి మొదలై, జ్వరం లేకుండా, బయటికి రాగానే తేలికపడితే అది నిద్రలేమి కాదు. జనరేటర్ ఆపి, అందర్నీ బయటికి తెచ్చి, 108కు ఫోన్ చేయాలి. ఆ ఇంట్లో గర్భిణి ఉంటే, ఆమెకు ఏమీ తెలియకపోయినా ఆస్పత్రికి తీసుకుపోవాల్సిందే. కడుపులో బిడ్డ రక్తం ఈ వాయువును తల్లి రక్తం కన్నా ఎక్కువ పట్టుకుంటుంది.

కరోనా రోజుల్లో కొన్న ఆక్సిమీటర్ చాలా ఇళ్లలో ఇంకా ఉంది. తలనొప్పిగా ఉంది, వేలికి పెట్టి చూశాం, 98 ఉంది, ఏమీ లేదు అనుకునే ప్రమాదం ఇక్కడే ఉంది. వేలికి పెట్టే ఆ క్లిప్పు ఆక్సిజన్ పట్టుకున్న హిమోగ్లోబిన్‌కూ ఈ విషవాయువు పట్టుకున్నదానికీ తేడా చెప్పలేదు. మనిషి స్పృహ తప్పుతున్నా 98 చూపించవచ్చు. ఈ ఒక్క ముక్క ప్రతి ఆశా కార్యకర్తకూ చెప్పాలని నా కోరిక.

కిటికీలు తెరిచాం కదా, ఫ్యాను వేశాం కదా అంటారు. సరిపోదు. వరండా సరిపోదు, మెట్ల కింద సరిపోదు, షట్టరు సగం ఎత్తిన దుకాణం అసలే సరిపోదు. అమెరికాలో ప్రతి తుపానుకూ ముందు అక్కడి అధికారులు ఒకే మాట చెబుతారు. ఇంటికి కనీసం 20 అడుగుల దూరం, పొగ గొట్టం ఇంటికి ఎదురుగా కాక అవతలివైపు. వాళ్లు ఆ మాట ఊరికే చెప్పడం లేదు. 2020 ఆగస్టు 27న లూసియానా తీరాన్ని లారా అనే పెద్ద తుపాను తాకింది. సముద్రపు ఉప్పెనకు ఎంతమంది పోతారోనని అందరూ వణికారు. తీరా చూస్తే ఆ రాష్ట్రంలో పోయినవాళ్లలో పెద్ద భాగం గాలి ఆగిపోయాక, ఇళ్లలో, జనరేటర్ పొగకు పోయారు. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ మంచులో కరెంటు పోయినప్పుడు హ్యూస్టన్ ఆస్పత్రులకు ఈ విషవాయువు కేసులు వందల్లో వచ్చాయి. ఆ ఊళ్లో మన తెలుగు కుటుంబాలు ఎన్ని ఉన్నాయో అందరికీ తెలుసు. ఇక్కడి నుంచి ఫోన్ చేసి "హీటర్ ఉందా నాన్నా" అని అడిగే అమ్మానాన్నలు, "జనరేటర్ గ్యారేజీలో పెట్టలేదు కదా" అని కూడా అడగాలి.

అమెరికా దాకా పోనక్కర్లేదు. 2024 డిసెంబరులో కేరళలోని వడకర దగ్గర రోడ్డు పక్కన నిలిపిన కారవాన్‌లో ఇద్దరు చనిపోయి కనిపించారు. లోపల ఏసీ కోసం నడిపిన జనరేటర్ నుంచి వచ్చిన కార్బన్ మోనాక్సైడే కారణమని తేలింది. ఎండాకాలం వచ్చిందంటే మన పత్రికల్లోనే ఇంకో వార్త చూస్తాం. పూడిక తీయడానికి పాత బావిలోకి ఆయిల్ ఇంజను దించుతారు, నీళ్లు తోడాక ఒకడు దిగుతాడు, పలకడు. వాణ్ని పైకి తేవడానికి తమ్ముడు దిగుతాడు, తమ్ముడి కోసం ఇంకొకడు. ఇంజను మీద పేరు ఏదైనా లోపలి విషం ఒకటే.

ఇరవై అడుగులు అని చెప్పడం తేలిక. మన కాలనీల్లో ఆ దూరం పోతే జనరేటర్ పక్కింటి పడగ్గది కిటికీ కింద ఉంటుంది. మీ ఇల్లు కాపాడుకుని వాళ్ల ఇంట్లోకి పొగ పంపిస్తే ఏం లాభం? నా మాట వింటే అలాంటి చోట ఇంటికొకటి వద్దు. నాలుగైదు ఇళ్లవాళ్లు కలిసి, వీధి చివర ఖాళీ స్థలంలో ఒకటి పెట్టుకుని, సాయంత్రం రెండు గంటలు నడిపి, ఫోన్లు, చార్జింగ్ లైట్లు, ఇన్వర్టర్ బ్యాటరీలు నింపుకోవడం మేలు. ఖాళీ స్థలం కూడా లేదంటే జనరేటర్ మీకు పనికొచ్చే వస్తువు కాదు, ఆ డబ్బు పెట్టి ఇన్వర్టరో సోలార్ దీపాలో కొనండి. అందరూ నిద్రపోయే వేళ మాత్రం జనరేటర్ ఎక్కడున్నా ఆపేయాలి. పడగ్గదిలో పెట్టుకునే కార్బన్ మోనాక్సైడ్ అలారాలు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి, జనరేటర్ ఉన్న ఇంట్లో అది ఉండాలి. విషవాయువు పెరిగితే తనంతట తానే ఆగిపోయే జనరేటర్లు కూడా అమెరికాలో అమ్ముతున్నారు. 2018లో అక్కడి తయారీదారుల ప్రమాణంలోనే ఆ ఏర్పాటు చేరింది. మన దగ్గర కొనేవాళ్లు కూడా దుకాణంలో అది ఉందా అని అడగడం మొదలుపెట్టాలి. అడగని వస్తువును ఎవరూ తెప్పించరు.

జనరేటర్‌ను వానలో తడవనివ్వకూడదు, అలాగని టార్పాలిన్ చుట్టూ కప్పకూడదు. నాలుగు కర్రలు పాతి పైన ఒక రేకు వేసి, పక్కలన్నీ తెరిచి ఉంచి, కింద దిమ్మ ఎత్తు చేస్తే చాలు. తడి చేత్తో, తడి కాళ్లతో ముట్టకూడదు. లోడు లెక్క తెలియకుండా మోటారు తగిలించకూడదు. ఒక హార్స్‌పవర్ మోటారు తిరిగేటప్పుడు తీసుకునేది వేరు, స్టార్టయ్యే క్షణంలో లాగేది దానికి మూడు రెట్లు, అంతకు మించి. రెండు కేవీఏ జనరేటర్ మీద అది మూలుగుతుంది, వోల్టేజీ పడిపోతుంది, పక్కనున్న ఫ్రిజ్జు కంప్రెసర్ కాలిపోతుంది. ఒక్కొక్కటిగా వేసుకోవాలి, పెద్దది ముందు.

పెట్రోలు పోయడం దగ్గర మాత్రం కాస్త ఆగాలి. పెళ్లి ఊరేగింపుల్లో రోజూ చూస్తాను. ముందు బ్యాండు, వెనక తలమీద లైట్లు మోసే ఆడవాళ్లు, వాళ్లందర్నీ కలుపుతూ ఒకటే వైరు, అన్నిటికన్నా వెనక తోపుడు బండి మీద జనరేటర్. దాని పక్కన పదహారేళ్ల కుర్రాడు. లైట్లు మసకబారుతున్నాయని ఎవరో కేకేస్తే, వాడు మంచినీళ్ల సీసాలో ఉన్న పెట్రోలు తీసి నడుస్తున్న ఇంజను మీదే ట్యాంకులో పోస్తాడు. ఎదురుగా టపాసులు పేలుతుంటాయి. ఒకసారి ఆపి అడిగాను, ఆపి చల్లారాక పొయ్యొచ్చు కదరా అని. "ఆపితే పెళ్లోరు కొడతారు బావూ" అన్నాడు. వాడు చెప్పింది నిజం. సైలెన్సర్ మీద పెట్రోలు చుక్క పడితే మంట ఎక్కడిదాకా పోతుందో వాడికి ఎవరూ చెప్పలేదు, చెప్పినా ఆపే అధికారం వాడికి లేదు. మొదలుపెట్టేముందు ట్యాంకు నింపుకోవడం, మధ్యలో అయిపోతే ఆపి పావుగంట చల్లారనివ్వడం ఒప్పందంలో రాసుకోవాల్సింది టెంట్ హౌస్ యజమాని. 1934 నాటి పెట్రోలియం చట్టం లైసెన్సు లేకుండా సొంతానికి 30 లీటర్ల వరకు పెట్రోలు ఉంచుకోనిస్తుంది. అయితే మూత బిగుతుగా ఉన్న లోహపు డబ్బాలో, అదీ 25 లీటర్లు దాటని డబ్బాలో. గాజు, పింగాణీ అయితే లీటరు దాటకూడదు. కూల్‌డ్రింకు ప్లాస్టిక్ సీసా మాట ఆ సెక్షన్‌లో లేదు. ఆ ఊరేగింపుల్లోనే జనరేటర్ బండికి ఆనుకుని నడిచే ఆడపిల్లల జడలు, వోణీలు జనరేటర్‌లో తిరిగే చక్రంలో చిక్కుకున్న సంఘటనలు కూడా ఉన్నాయి. చక్రానికి జాలీ బిగించడం ఒక్కపూట వెల్డింగు పని.

ఇప్పుడు ఎవరేం చేయాలో చెబుతాను. అమ్మే దుకాణం చేంజోవర్ స్విచ్ లేకుండా ఇంటి వైరింగుకు కలిపే జనరేటర్ అమ్మకూడదు, రెండు టాపుల వైరు కట్టి ఇవ్వడం నేరంగా చూడాలి. ఎందుకంటే అది వైరు కాదు, ఎవరో లైన్‌మన్ ఇంట్లో వచ్చే ఏడు జరగబోయే సంవత్సరీకం. అద్దెకిచ్చేవాడు జనరేటర్‌తోపాటు పంపే మనిషికి పద్దెనిమిదేళ్లు నిండి ఉండాలి, ఒకరోజు శిక్షణ ఉండాలి. డబ్బా మీద ఇంగ్లీషులో అంటించిన హెచ్చరికను మా ఊళ్లో ఎవరూ చదవరు, తెలుగులో, పొగ గొట్టం పక్కనే, పెద్ద అక్షరాల్లో ఉండాలి.

అన్నిటికన్నా తేలికైనది ప్రభుత్వం చేతిలోనే ఉంది. ఆంధ్రప్రదేశ్ గ్రామ సచివాలయాల్లో 2019 నుంచి ఎనర్జీ అసిస్టెంట్లు పనిచేస్తున్నారు. వాళ్లు జూనియర్ లైన్‌మన్లే. రేపు తుపాను వస్తే స్తంభం ఎక్కేది వాళ్లే, రిటర్న్ కరెంటు తగిలితే పోయేదీ వాళ్లే. ఏటా సెప్టెంబరులో, అక్టోబరు తుపాన్లకు ముందే, ఎనర్జీ అసిస్టెంటు తన ఊళ్లో జనరేటర్ ఉన్న ప్రతి ఇల్లూ ప్రతి దుకాణమూ తిరగాలి. ఎవరింట్లో ఉంది, ఎక్కడ పెడతారు, చేంజోవర్ ఉందా అని రాసుకోవాలి. రెండు టాపుల వైరు ఉంటే అక్కడికక్కడే ఒక టాపు కోసేయాలి. ఆ జాబితా సబ్‌స్టేషన్‌లో ఉంటే, పొరుగు జిల్లా నుంచి సాయానికి వచ్చిన లైన్‌మన్‌కు ఏ వీధిలో జాగ్రత్త పడాలో స్తంభం ఎక్కకముందే తెలుస్తుంది. కొనుక్కున్నవాళ్లకు జరిమానాలు వద్దు, మొదటి ఏడాది అసలే వద్దు. భయపెడితే జనరేటర్‌ను దాస్తారు, దాచిన జనరేటర్ లోపలి గదిలోకి పోతుంది.

మైకు ఆటోలో చెప్పే మాటలకు ఇంకో రెండు కలపడానికి విద్యుత్ పంపిణీ సంస్థ డిస్కమ్ నుంచి ఒక సర్క్యులర్ చాలు. జనరేటర్ ఇంటికి దూరంగా ఆరుబయట పెట్టండి. చేంజోవర్ లేకుండా ఇంటి ప్లగ్గులో పెట్టకండి. వచ్చే సెప్టెంబరులోనే మొదలుపెట్టవచ్చు.